తాత చదువు, మనవడి పాట

(బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో పిల్లల దగ్గర స్థిరపడి, ఇక్కడే కన్నుమూసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి ప్రథమ వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాస పాఠం. కుటుంబ సభ్యుల కోరిక మేరకు ఆయన పేరు అచ్చువేయడం లేదు. ఉపన్యాసంలో ‘మాస్టారు’ అన్నది ఆయన్నే.)



‘శంకరాభరణం’ 1980లో వచ్చింది. అందులో బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం పాడిన ‘బ్రోచేవారెవరురా’ విన్న తెలుగువాళ్ళలో చాలామంది అది త్యాగరాజ కీర్తన అనుకున్నారు. ఇప్పటికీ అనుకుంటున్నారు. ఈ హాల్లోనే వినాయక చవితికి ఏ పిల్లో ఆ పాట పాడి దిగాక, మైకు దగ్గరున్నాయన ‘త్యాగరాజస్వామివారి కీర్తన’ అనడం, వెనక వరసలోంచి మాస్టారు చెయ్యెత్తి ‘అది మైసూరు వాసుదేవాచార్యులదప్పా’ అనడం మీలో చాలామంది చూసే ఉంటారు. మైకాయన నొచ్చుకునేవాడు. మాస్టారు మాత్రం తప్పు దిద్దిన కాపీ పుస్తకం పక్కన పెట్టినట్టు నిమ్మళంగా కూర్చునేవారు.

తాతల ప్రభావం పిల్లల ఆశయాల మీద ఎలా పనిచేస్తుందో మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నాకు మొదట తట్టినది ఆ వాసుదేవాచార్యులే. మాస్టారు ఆయన పేరు అన్నిసార్లు ఎత్తినా, ఆయన కథలో తాతా మనవళ్ళ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఆ మిగిలిన కథ ఈరోజు నేను చెబుతాను.

వాసుదేవాచార్యులు 1865లో మైసూరులో పుట్టారు. మాధ్వ కుటుంబం. పసితనంలోనే తండ్రి పోయారు. అమ్మ తండ్రి గోపాలాచార్యుల ఇంట పెరిగారు. ఆ ఇంటి చదువు సంస్కృతం. మహారాజావారి సంస్కృత పాఠశాలలో కుర్రవాడు కావ్యాలు, శాస్త్రాలు చదువుకున్నాడు. మనసు మాత్రం పాట మీద. ఒకవైపు సంస్కృతం నడుస్తుండగానే ఆస్థాన విద్వాంసుడు వీణ పద్మనాభయ్యగారి దగ్గర సంగీతం పట్టాడు. తర్వాత మైసూరు మహారాజు ఖర్చు భరించి తిరువయ్యారు పంపించారు, పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ దగ్గరికి. అయ్యర్ గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన గురువు త్యాగరాజు. అంటే మైకాయన పొరపాటు మరీ అంత పెద్దదేమీ కాదు. మూడు తరాలు వెనక్కి వెళ్తే తగలాల్సిన మనిషే తగులుతాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. సంస్కృతం చదివిన పిల్లవాడు సంగీతంలోకి వెళ్ళిపోతే మన ఇళ్ళల్లో ఏమంటారు? ‘తాత చెప్పించిన చదువంతా గంగలో కలిపాడు’ అంటారు. బీటెక్ చేసి సినిమాల్లోకి పోయినవాణ్ణి, మెడిసిన్ సీటు వదులుకుని చరిత్ర చదవబోయినదాన్ని ఇప్పుడంటున్న మాటే. వాసుదేవాచార్యుల విషయంలో ఏం జరిగిందో చూడండి. ఆయన దాదాపు రెండు వందల రచనలు చేశారు, ఎక్కువ భాగం తెలుగులో, సంస్కృతంలో. హిందోళంలో ‘మామవతు శ్రీ సరస్వతి’, సునాదవినోదినిలో ‘దేవాదిదేవ’, ఆభేరిలో ‘భజరే రే మానస’ ఇవాళ్టికీ కచేరీల్లో మోగుతున్నాయి. సంగీతం వచ్చినవాళ్ళు ఆ కాలంలో తక్కువేమీ లేరు. వాళ్ళలో ఎందరు సొంతంగా సాహిత్యం కట్టగలిగారు? సమాసం ఎక్కడ విరవాలో, దీర్ఘం తాళంలో ఎక్కడ పడాలో, ప్రాస ఎలా కూర్చోవాలో తెలియాలంటే చిన్నప్పుడు ఎవరో కూర్చోబెట్టి శబ్దాలు వల్లె వేయించి ఉండాలి. తాత ఇంటి చదువు పాట లోపలికి వెళ్ళి కూర్చుంది. గోపాలాచార్యుల ఇంట్లో నూరిపోసిన వ్యాకరణం ఒక కన్నడిగుడి నోట తెలుగు కీర్తనగా బయటికొచ్చి, వందేళ్ళు గడవకముందే ఒక తెలుగు సినిమాలో మనకు చేరింది. అది అలా చేరుతుందని ఆ తాత ఊహించి ఉండే అవకాశమే లేదు.

నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఇదే. తాతలూ అమ్మమ్మలూ పిల్లల గమ్యం నిర్ణయించలేరు. నిర్ణయించాలని చూసినప్పుడు తరచు భంగపడతారు కూడా. అయినా వాళ్ళు ఇచ్చిన సరంజామా ఎక్కడికీ పోదు. పిల్లలు తాము ఎంచుకున్న పనికి దాన్ని వాడుకుంటారు, తాత ఏమాత్రం అనుకోని చోట.

వాసుదేవాచార్యుల కథలో రెండో సగం ఇంకా బాగుంటుంది, ఎందుకంటే ఈసారి తాత ఆయనే. మైసూరు ఆస్థానంలో జీవితమంతా గడిపి, ఇక విశ్రాంతి అనుకునే వయసులో రుక్మిణీదేవి అరండేల్ పిలుపు మీద మద్రాసు కళాక్షేత్రకు వెళ్ళారు. వాల్మీకి రామాయణాన్ని నృత్యనాటకాలుగా చేయాలని ఆమె సంకల్పం. శ్లోకాలకు సంగీతం కట్టేపని ఆచార్యులది. 1955లో ‘సీతాస్వయంవరం’ రంగం ఎక్కినప్పుడు ఆయనకు తొంభై. తొంభయ్యో ఏట ఆరు భాగాల పనికి పూనుకున్న మనిషిని ఆశయం లేని ముసలాయన అని ఎవరైనా అనగలరా? మన సమాజంలో ఆశయం పిల్లల సొత్తు, ఆశీర్వాదం పెద్దల సొత్తు అని ఎవరో పంపకాలు చేసి పెట్టారు. నేను ఆ పంపకం ఒప్పుకోను. కుర్రవాళ్ళకు తాత ఏం చెప్పాడన్నదాని కన్నా, తాత ఇంకా ఏం చేయాలనుకుంటున్నాడన్నదే ఎక్కువ అంటుకుంటుంది.

ఆచార్యులు 1961లో పోయారు. రామాయణం పూర్తికాలేదు. మిగిలిన భాగాలకు సంగీతం సమకూర్చింది కళాక్షేత్రలో తాత వెంట ఉన్న మనవడు ఎస్. రాజారాం. 1970లో ‘మహాపట్టాభిషేకం’తో ఆ ఆరు భాగాలూ ముగిశాయి. ఇది వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ చేయడం ఎంత కష్టమో ఊహించండి. తాత బాణీ తెలిసి ఉండాలి, తాతకు నకలులా ఉండకూడదు. ప్రేక్షకులు మొదటి భాగాలు చూసి ఉంటారు, చివరి భాగాలకు వచ్చేసరికి అతుకు కనపడకూడదు. మొత్తం ఆరు రాత్రులు వరసగా చూసినవాళ్ళు రామకథ చూశామనే అనుకోవాలి. రాజారాంగారు తర్వాతి కాలంలో కళాక్షేత్ర బాధ్యతలు కూడా మోశారు. మరో మనవడు ఎస్. కృష్ణమూర్తి ఆకాశవాణిలో పనిచేస్తూ, తాత తాను చూసిన కళాకారుల గురించి కన్నడంలో రాసిన జ్ఞాపకాలను ఇంగ్లీషులోకి తెచ్చారు. ఒకరు పాట పూర్తిచేశారు, ఒకరు మాట దాటించారు. ఒకే తాత, ఇద్దరు మనవళ్ళు, రెండు వేర్వేరు పనులు.

సంగీతంలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. త్యాగరాజుకు చిన్నప్పుడు వీణ పరిచయం చేసింది తల్లి తండ్రి కాళహస్తయ్య అని సంప్రదాయంలో చెప్పుకుంటారు. మద్రాసు జార్జిటౌనులో వీణ ధనమ్మాళ్ దగ్గర క్షేత్రయ్య పదాలు ఉండేవి. కృష్ణాజిల్లా మువ్వలో పుట్టాయనుకునే ఆ పదాలు తెలుగునేల మీద మసకబారుతున్న రోజుల్లో ఆ ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు వినిపించేవి. మనవరాళ్ళు బృంద, ముక్త వాటిని పాటగా దక్కించుకున్నారు. ఇంకో మనవరాలు బాలసరస్వతి అభినయంగా చేసి ప్రపంచమంతా చూపించింది. వీణ వాయించే అమ్మమ్మ ఇంట్లో నాట్యం చేయాలని పట్టుబట్టిన పిల్ల ఆమె. నాట్యం చేసే కుటుంబాల మీద లోకం దుమ్మెత్తిపోస్తున్న కాలం అది. 1925లో ఏడేళ్ళ వయసులో కాంచీపురంలో అరంగేట్రం చేసింది. అమ్మమ్మ పాట లేకపోతే ఆ నాట్యం అలా ఉండేది కాదని చూసినవాళ్ళు చెప్పారు. సత్యజిత్ రే 1976లో ఆమె మీద తీసిన చిత్రం దొరికితే చూడండి. సముద్రపు ఒడ్డున చీర కొంగు గాలికి ఎగురుతుంటే ఆమె చేసే అభినయం నేను మాటల్లో చెప్పలేను, ప్రయత్నించను కూడా.

ఇక్కడిదాకా వినేసరికి మీలో కొందరికి అనుమానం వచ్చి ఉండాలి. ఇవన్నీ విద్వాంసుల ఇళ్ళు కదా, మా ఇంట్లో వీణా లేదు వ్యాకరణమూ లేదు, తాతకు ఇవ్వడానికి ఏముంది అని. సరైన అనుమానమే. అందుకే ఇవ్వడానికి అక్షరం ముక్క కూడా లేని ఒక అవ్వ కథ చెప్పాలి. ఉత్తర కర్ణాటకలో శిగ్గావి. సుధామూర్తిగారు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పన్నెండేళ్ళ పిల్ల. ‘కర్మవీర’ వారపత్రికలో త్రివేణి నవల ‘కాశీయాత్రె’ ధారావాహికగా వస్తుండేది. అమ్మమ్మకు చదువు రాదు. మనవరాలు చదివి వినిపించేది. ఒకసారి పిల్ల పెళ్ళికని పక్కఊరు వెళ్ళి వారం రోజులకు తిరిగొచ్చేసరికి అమ్మమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పత్రిక వచ్చింది, చేతిలో ఉంది, బొమ్మలు కనపడుతున్నాయి, కథ మాత్రం తెలియడం లేదు. అరవై రెండేళ్ళ ఆ మనిషి దసరా సరస్వతీపూజ నాటికి చదవడం నేర్చుకుంటానని గడువు పెట్టుకుంది, నేర్చుకుంది. నేర్పిన మనవరాలు గురువు గనక అమ్మమ్మే ఆమె పాదాలకు నమస్కారం చేసింది. సుధామూర్తిగారు రాసిన ఈ కథ బడిపుస్తకాల్లోకి ఎక్కి మన పిల్లలందరికీ తెలుసు.

అందరూ దీన్ని మనవరాలి మంచితనం కథగా చెబుతారు. నాకు అది అమ్మమ్మ ఆశయం కథ. ఒక ఆడపిల్ల పన్నెండేళ్ళ వయసులో, తన ఇంట్లోనే, అరవై దాటిన మనిషి రోజూ పలక పట్టుకుని ఒత్తులూ గుణింతాలూ దిద్దడం దగ్గరగా కూర్చుని చూసింది. వయసు, ఆడతనం, ఊరు, ఇవేవీ చదువుకు అడ్డు కావని ఆమెకు ఎవరూ బోధించనక్కర్లేకపోయింది. ఆ పిల్లే తర్వాత హుబ్బళ్ళి ఇంజనీరింగ్ కాలేజీలో మగపిల్లల మధ్య ఒక్కతే ఆడపిల్లగా చదివింది. ఈ ఊళ్ళోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదువుతుండగా, ఆడవాళ్ళు దరఖాస్తు చేయనక్కర్లేదన్న టెల్కో ప్రకటన చూసి జె.ఆర్.డి. టాటాకు పోస్టుకార్డు రాసింది. ఆ తర్వాతెప్పుడో పల్లెటూళ్ళలో గ్రంథాలయాలు పెట్టించింది. ఆ గ్రంథాలయాలకు ఎవరి పేరు పెట్టినా, పుణ్యం ‘కాశీయాత్రె’ చదవలేక ఏడ్చిన అమ్మమ్మదే.

మన ఆంధ్ర పిల్లల విషయానికొస్తే, శిరీష బండ్ల పేరు మీకు తెలుసు. 2021 జులై 11న న్యూమెక్సికో నుంచి వర్జిన్ గెలాక్టిక్ వ్యోమనౌకలో వెళ్ళివచ్చింది. కంటిచూపు సమస్య వల్ల వ్యోమగామి కావడానికి మామూలు దారి మూసుకుపోతే, పర్‌డ్యూలో ఇంజనీరింగ్ చదివి ఇంకో దారి వెతుక్కుంది. గుంటూరు ప్రాంతంలో ఉన్న తాతగారు వ్యవసాయ శాస్త్రవేత్త. ఆరోజు టీవీల వాళ్ళంతా ఆయన ఇంటిముందు బారులు తీరారు. శిరీష ఆ కొద్ది నిమిషాల ప్రయాణంలో చేసిన పని ఏమిటో ఎక్కువమంది పట్టించుకోలేదు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారి ప్రయోగం ఒకటి చేతిలో పట్టుకుని వెళ్ళింది. భారం పెరిగినప్పుడు, భారం పోయినప్పుడు మొక్కలు ఎలా స్పందిస్తాయో తెలుసుకోవడానికి చిన్న గొట్టాల్లో ఉంచిన మొక్కలు అవి. తాత పొలాల్లో పైరు చూశారు, మనవరాలు ఆకాశంలో మొక్క చూసింది. ఇది తాత ప్రభావమేనని నేను ప్రమాణం చేయను. కాకతాళీయం కావచ్చు. చెప్పుకోవడానికి మాత్రం బాగుంటుంది, అందుకే చెప్పాను.

ఇప్పుడు బ్రూక్‌ఫీల్డ్ సంగతి మాట్లాడుకుందాం.

శేషాద్రి ఎక్స్‌ప్రెస్ కాకినాడ నుంచి వస్తూ కృష్ణరాజపురంలో ఆగినప్పుడు ఒకసారి ప్లాట్‌ఫారం మీద నిలబడి చూడండి. దిగేవాళ్ళలో సగం మంది అరవై దాటినవాళ్ళు. చేతిలో పచ్చడి జాడీ ఉన్న అట్టపెట్టె, భుజాన సంచి, జేబులో కొడుకు ఫ్లాటు నంబరు రాసిన కాగితం. ఇంకో ఆరునెలలు ఇక్కడ. కోడలి ప్రసవానికో, కూతురి ఆఫీసు మళ్ళీ మొదలైందనో పిలిస్తే వచ్చినవాళ్ళు. మధ్యాహ్నం మూడూ మూడున్నర మధ్య ఏఈసీఎస్ లేఅవుట్‌లోనూ కుందలహళ్ళి గేటు దగ్గరా అపార్టుమెంట్ల ముందు స్కూలు బస్సుల కోసం నిలబడేది వీళ్ళే. నెల్లూరు, అనంతపురం, కృష్ణాజిల్లా, ఖమ్మం యాసలన్నీ ఆ గేటు ముందు కలుస్తాయి. ఇక్కడి పాత ఊళ్ళ వాళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు మొదటి నుంచీ ఉన్నారు గనక కూరగాయల బండి దగ్గర కూడా ఇబ్బంది లేదు. బస్సు వస్తుంది, మనవడు దిగుతాడు, బ్యాగు తాత భుజానికి మారుతుంది. ‘ఏం తిన్నావురా’ అంటే ‘నథింగ్’ అంటాడు.

దీన్ని మనం ‘తాతల ప్రభావం’ అని పెద్ద పేరు పెట్టి మురిసిపోకూడదు. ఎక్కువ ఇళ్ళలో ఇది జీతం లేని ఆయా పని. ఊళ్ళో పదిమంది లేచి దండం పెట్టే మనిషి ఇక్కడ లిఫ్టులో ఎవరికీ తెలియదు. టీవీ రిమోట్ మీద కూడా అధికారం ఉండదు. ఇంటి నిర్ణయాల్లో చోటు లేని మనిషి పిల్లల మనసులో మాత్రం చోటు సంపాదించాలంటే ఎలా? పిల్లలు గట్టివాళ్ళు, ఇంట్లో ఎవరి మాటకు విలువ ఉందో మూడేళ్ళకే పసిగడతారు. తాత ముందు తండ్రి విసుక్కుంటే, మనవడు తాత చెప్పే కథ వినడు. ఆశయాల గురించి ఉపన్యాసాలు పెట్టించే ముందు మనం ఆ విసుగు సంగతి చూసుకోవాలి. ఈ ముక్క ముందు వరసలో కూర్చున్న మధ్యతరం వాళ్ళకు చెబుతున్నాను. మీరు నొచ్చుకున్నా సరే.

రెండోవైపు కూడా చెప్పాలి. తాతల ప్రభావం ఎప్పుడూ మేలు చేస్తుందని ఎవరూ అనలేరు. ‘మన వంశంలో ఇంతవరకు డాక్టరు లేడురా’ అన్న ఒక్క మాట పదిహేనేళ్ళ పిల్లవాణ్ణి విజయవాడ హాస్టల్లో రెండేళ్ళు నిద్ర లేకుండా చేయగలదు. అది తాత తీర్చుకోలేని కోరిక, వడ్డీతో సహా మనవడి నెత్తిన పెట్టిన బాకీ. వాసుదేవాచార్యుల తాత ఇచ్చింది చదువు, శిగ్గావి అమ్మమ్మ ఇచ్చింది దాహం. ఆ బాకీ వేరు.

మాస్టారు ఏమిచ్చారో చెబుతాను. ఆయన మనవరాలు వేదిక మీదే ఉంది, తప్పుంటే దిద్దుతుంది.

మాస్టారిది అనంతపురం జిల్లా. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి, ఏడాదికి అయిదు వందల యాభై మిల్లీమీటర్ల దరిదాపుల్లో. సైన్సు మాస్టారుగా ఉన్నన్నాళ్ళూ బడి ఆవరణలో వర్షమాపకం పెట్టి పిల్లల చేత రోజూ కొలిపించారు. అది బడి పని. ఇంట్లో ఒక పుస్తకం వేరే ఉండేది. అందులో తేదీ, మిల్లీమీటర్లు, పక్కన ఒక మాట. ఆ మాట ఎక్కువసార్లు ‘పదును’ లేదా ‘పదును కాలేదు’. భూమి ఎంత లోతు తడిస్తే విత్తనం వేయొచ్చో అది పదును. పదును కాని వానకు బుడ్డలు (వేరుశనగ) వేసిన రైతు గతి ఏమవుతుందో ఆయనకు ఇంట్లోనే తెలుసు.

బ్రూక్‌ఫీల్డ్ వచ్చాక కొలవడానికి ఏమీ లేక చేతులు పీకాయి. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, దాన్నే తిరగేసి గరాటులా దింపి, లోపల స్కేలు అంటించారు. బాల్కనీలో పెడితే పై అంతస్తు స్లాబు అడ్డం. టెర్రస్ మీద పెడతానంటే అసోసియేషన్ వాళ్ళు అనుమతి కావాలన్నారు, సెక్యూరిటీ కుర్రాడు తాళం ఇవ్వనన్నాడు. చివరికి టెర్రస్ తాళం సంపాదించింది అప్పటికి ఎనిమిదో తరగతి చదువుతున్న మనవరాలు. స్కూలు ప్రాజెక్టు అని అబద్ధం చెప్పింది. ఆ తర్వాత నిజంగానే ప్రాజెక్టు చేసింది గనక ఆ అబద్ధం మాఫీ.

ఒకరోజు పన్నెండు మిల్లీమీటర్లు వచ్చింది. అంటే ఎంత తాతా అంది ఆ పిల్ల. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. టెర్రస్ ఎంత ఉంటుంది? వెయ్యి చదరపు మీటర్లు వేసుకో. పన్నెండు వేల లీటర్లు. పిల్ల కిందికి చూసింది. గేటు దగ్గర నీళ్ళ ట్యాంకరు పైపు బిగిస్తున్నారు. ఆ ట్యాంకరు పన్నెండు వేల లీటర్లది. ‘మన నెత్తిన పడింది డ్రైనేజీలోకి పోతోంది, అదే నీళ్ళు ఎక్కడో బోరులోంచి తోడి మనం కొంటున్నాం’ అని ఆ పిల్ల అన్నప్పుడు మాస్టారు మాట్లాడలేదట. పుస్తకంలో ఆ తేదీ పక్కన ‘పదును’ అని రాశారు. సిమెంటు టెర్రస్ మీద పదునేమిటి అని నేను తర్వాత అడిగాను. ‘నేల తడిసిందని రాయలేదప్పా’ అన్నారు. ఇంకేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు.

2022 సెప్టెంబరు మొదటి వారంలో ఇటు మహదేవపుర ప్రాంతమంతా మునిగి, ఔటర్ రింగ్ రోడ్డు మీద సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్ళిన సంగతి మీరు మర్చిపోయి ఉండరు. ఏడాదిన్నర తిరిగేసరికి, 2024 మార్చిలో అదే ప్రాంతం బోర్లు ఎండి అల్లాడింది. తాగునీటితో కారు కడిగితే అయిదు వేలు జరిమానా వేశారు. ట్యాంకర్ల ధరలకు ప్రభుత్వం పరిమితి పెట్టాల్సి వచ్చింది. ఆ అక్టోబరులో కావేరి అయిదో దశ నీళ్ళు శివారు గ్రామాలకు వదిలారు. అటు వరద, ఇటు కరువు, రెండింటికీ నడుమ మాస్టారి సీసా టెర్రస్ మీద ఉంది. మనవరాలు ఇప్పుడు ఎంటెక్‌లో చదువుతున్నది నీళ్ళ గురించే. పట్టణాల్లో చెరువుకూ చెరువుకూ మధ్య ఉండే కాలువలు మూసుకుపోతే వాన ఎటు పోతుందన్నది ఆమె పని.

ఇది మాస్టారు కోరుకున్న చదువని మీరు అనుకుంటే పొరపాటు. ఆయన మనవరాలిని కలెక్టరు చేయాలనుకున్నారు. రాయలసీమ ఉపాధ్యాయుడికి కలెక్టరు కన్నా పెద్ద ఉద్యోగం ఉండదు. ఎంటెక్‌లో చేరిన రోజు కూడా ‘కలెక్టరైతే చెరువులన్నీ నీ చేతి కిందే ఉంటాయి కదా పాపా’ అన్నారట. ‘చెరువులు నా చేతి కింద ఉండక్కర్లేదు తాతా, నీళ్ళుంటే చాలు’ అందట ఆమె. ఇద్దరూ ఒప్పుకోలేదు. ఆయన పోయేనాటికి కూడా ఆ వాదన తెగలేదు. సివిల్స్ పుస్తకాలు రెండు ఆమె బల్ల మీద ఇప్పటికీ ఉన్నాయని వాళ్ళమ్మ చెప్పారు, ఎందుకున్నాయో అడగడం మర్యాద కాదు గనక అడగలేదు.

నేను చూసినంతవరకు వాళ్ళిద్దరి మధ్య బోధ అనేది జరగలేదు. మాస్టారు రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు టెర్రస్ ఎక్కేవారు. వాన పడనిరోజు కూడా ఎక్కేవారు. ‘పడలేదని తెలుసు కదా, ఎందుకు ఎక్కుతారు’ అని నేనంటే, సున్నా కూడా రాయాలి, రాయకపోతే అది చూడలేదని అర్థం అనేవారు. పుస్తకంలో పేజీలకు పేజీలు సున్నాలే. పదమూడేళ్ళ పిల్ల ఆ సున్నాలు చూస్తూ పెరిగింది. లెక్కకు నిలబడే పరిశోధన ఎలా ఉంటుందో ఆమెకు విశ్వవిద్యాలయంలో కొత్తగా నేర్పాల్సిన పని పడలేదు.

ఆ పుస్తకాల విషయంలో ఒక మనవి చేసి ముగిస్తాను. అనంతపురం రోజులవి, బ్రూక్‌ఫీల్డ్ రోజులవి కలిపి ఒక ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. ఆ అమ్మాయి వాటిని కంప్యూటరులోకి ఎక్కిస్తోంది. పాత పుస్తకాల్లో మాస్టారు తెలుగు అంకెలు వాడారు, పెన్సిలు చెదిరిపోయింది, పక్కన రాసిన మాటల్లో కొన్ని ఆ జిల్లా రైతులు తప్ప ఎవరూ అనని మాటలు. ఆమెకు అంకెలు కొన్ని ఆనవాలు పట్టడం లేదు, మాటలు సగం అర్థం కావడం లేదు. ఈ హాల్లో తెలుగు అంకెలు చదవగలిగినవాళ్ళు, అనంతపురం, కర్నూలు, కడప వైపు సేద్యం తెలిసినవాళ్ళు కనీసం పదిమంది ఉన్నారని నాకు తెలుసు. స్కూలు బస్సు వచ్చేదాకా మీకు మధ్యాహ్నాలు ఖాళీయే. బయట కాఫీ దగ్గర ఒక కాగితం పెట్టారు. మీ పేరు, ఫ్లాటు నంబరు రాసి వెళ్ళండి.